టెలిస్కోపు గొట్టంలోని గాలి: కొలతలను చెడగొట్టే ఉష్ణోగ్రత తేడాలను పసిగట్టి, తగ్గించి, నమోదు చేసే పద్ధతి

ఒకే జంట నక్షత్రంలోని రెండు నక్షత్రాల మధ్య దూరాన్ని ఒకే టెలిస్కోపుతో వేర్వేరు రాత్రుల్లో కొలిచినప్పుడు విలువలు పొంతన లేకుండా వస్తే, చాలామంది పరిశీలకులు తప్పును పై వాతావరణం మీద వేస్తారు. అది కొంతవరకు నిజమే. అయితే కాంతి ప్రయాణంలో చివరిదైన ఒకటి రెండు మీటర్ల దూరం, అంటే టెలిస్కోపు గొట్టం లోపలి గాలి, ఆ తప్పులో ఎంత వాటా పంచుకుంటోందో విడదీసి చూసేవారు తక్కువ. పది కిలోమీటర్ల ఎత్తున వీచే గాలిని మనం ఏమీ చేయలేం. గొట్టంలోని గాలిని మాత్రం కొలవగలం, చాలావరకు సరిదిద్దగలం, సరిదిద్దలేని రాత్రి ఆ సంగతిని కొలత పక్కనే రాసిపెట్టగలం. ఈ మార్గదర్శి ఆ మూడు పనులకే పరిమితం.

లెక్కలన్నీ మన దగ్గర ఔత్సాహికులు ఎక్కువగా వాడే పరిమాణానికి సరిపోయేలా వేశాను: 200 మిల్లీమీటర్ల వ్యాసం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న న్యూటోనియన్ టెలిస్కోపు (గొట్టం అడుగున ఉన్న అద్దంతో కాంతిని కేంద్రీకరించే రకం), 25 మిల్లీమీటర్ల మందమున్న పైరెక్స్ గాజు అద్దం. మీ టెలిస్కోపు వేరే పరిమాణంలో ఉంటే అంకెలు మారతాయి కానీ పద్ధతి మారదు.

ఒక డిగ్రీ తేడా ఎంత పని చేస్తుంది

సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల సెల్సియస్ వద్ద, గాలి వక్రీభవన గుణకం సుమారు 1.00028. గాలి వెచ్చబడితే సాంద్రత తగ్గుతుంది, దాంతో ఈ గుణకం కూడా ఒక్కో డిగ్రీకి పది లక్షల్లో దాదాపు ఒక వంతు తగ్గుతుంది. వినడానికి ఇది లెక్కలోకి రాని అంకెలా ఉంటుంది. కానీ మీటరు పొడవున ఒక కాంతి కిరణం వెచ్చని గాలిలోనూ, పక్క కిరణం దానికంటే ఒక డిగ్రీ చల్లని గాలిలోనూ ప్రయాణిస్తే రెండింటి మార్గాల మధ్య సుమారు 0.9 మైక్రోమీటర్ల తేడా వస్తుంది. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం 0.55 మైక్రోమీటర్లు కాబట్టి, ఆ తేడా ఒకటిన్నర తరంగాలను మించిపోయింది. మంచి అద్దం నుంచి వచ్చే తరంగంలో లోపం పావు తరంగం దాటకూడదని మనం పట్టుబడతాం. ఆ పావు తరంగాన్ని గాలి ఒక్కటే మింగేయడానికి మీటరు దారిలో 0.15 డిగ్రీల తేడా చాలు. న్యూటోనియన్‌లో కాంతి గొట్టంలో ఒకసారి కిందికి దిగి, అద్దం మీద పడి, తిరిగి పైకి వస్తుంది కనుక అంతకంటే తక్కువ తేడా కూడా సరిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం తారురోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు కనిపించడానికి కారణమైన భౌతిక సూత్రమే ఇక్కడా పనిచేస్తోంది.

ఈ తేడా ఏ ఆకారంలో ఉందన్నది కొలతకు చాలా ముఖ్యం. గొట్టం పైగోడ దగ్గరి గాలికీ కిందిగోడ దగ్గరి గాలికీ మధ్య అర డిగ్రీ తేడా ఉండి, అది క్రమంగా మారుతూ పోతే, గాలి మొత్తం ఒక పలుచని పట్టకంలా ప్రవర్తించి, కాంతి అద్దం వైపు దిగే దారిలోనే నక్షత్రాన్ని సుమారు 0.57 ఆర్క్ సెకండ్లు (ఆర్క్ సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు) పక్కకు జరుపుతుంది. 200 మిల్లీమీటర్ల టెలిస్కోపు విడదీయగల కనీస దూరంగా డాస్ సూత్రం చెప్పేది 0.58 ఆర్క్ సెకండ్లు. అంటే జరుగుబాటు మన పరికరం హద్దుకు సమానంగా ఉంది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. అయిదు ఆర్క్ సెకండ్ల దూరంలో ఉన్న రెండు నక్షత్రాల కిరణ పుంజాలు 1200 మిల్లీమీటర్ల పొడవున విడిపోయేది మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు మాత్రమే. రెండూ దాదాపు ఒకే గాలిని దాటుతాయి కాబట్టి పట్టకం లాంటి జరుగుబాటు రెండింటికీ ఒకేలా ఉండి, వాటి మధ్య దూరంలో రద్దయిపోతుంది. సాపేక్ష కొలతలకు దక్కే పెద్ద రక్ష ఇదే. నక్షత్రం మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్నీ ఎత్తునూ నేరుగా కొలిచే మెరిడియన్ సర్కిల్ పరికరాలకు ఈ రక్ష లేదు. అందుకే ఆ పరికరాలున్న గదిలో గాలి తేడాలు కాంతిని వంచే తీరును పూర్వపు ఖగోళ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా పట్టించుకున్నారు. మన సాపేక్ష కొలతలను దెబ్బతీసేది పట్టకం కాదు, ముడతలు. వెచ్చని గాలి పాయలుగా లేచినప్పుడు బింబం సాగి, తోక వేసి, ప్రకాశవంతమైన నక్షత్రపు వెలుగు మసక జోడు మీదికి ఒలుకుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ గుర్తించే కేంద్రబిందువు ఒకవైపుకు లాగబడుతుంది, కొలిచిన దూరం తప్పుతుంది. నాలుగు ఆర్క్ సెకండ్ల లోపు జంటలకూ, వెలుగులో ఎక్కువ తేడా ఉన్న జంటలకూ ఈ ప్రమాదం అధికం.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది, చలి ఎక్కడి నుంచి వస్తుంది

మొదటి మూలం ప్రధాన అద్దం. గాజు వేడిని నెమ్మదిగా వదులుతుంది కాబట్టి రాత్రి గాలి చల్లబడుతున్నా అది వెచ్చగానే ఉండి, తన ముఖం మీద ఒక వెచ్చని గాలిపొరను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పొర నిలకడగా ఉండదు. బుడగలుగా విడివడి గొట్టం పైగోడ వెంట పాకుతూ నోటిదాకా వెళ్తుంది. హవాయిలోని మౌనా కియా పర్వతం మీద ఉన్న 3.6 మీటర్ల కెనడా-ఫ్రాన్స్-హవాయి టెలిస్కోపులో సేకరించిన కొలతల ఆధారంగా 1991లో ప్రచురితమైన విశ్లేషణ ప్రకారం, అద్దం గాలికంటే ఒక డిగ్రీ వెచ్చగా ఉంటే బింబం వెడల్పుకు అద్దం చేర్చే వాటా దాదాపు 0.4 ఆర్క్ సెకండ్లు. తేడా పెరిగేకొద్దీ అది తేడా 1.2వ ఘాతం చొప్పున పెరుగుతుంది. డోమ్ (టెలిస్కోపును కప్పే గుండ్రటి కప్పు గది) లోపలి గాలికీ బయటి గాలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే దాని వాటా సుమారు 0.1 ఆర్క్ సెకండు మాత్రమే. చిన్న టెలిస్కోపుకు ఈ అంకెలు యథాతథంగా వర్తిస్తాయని చెప్పలేం. అయినా మొదటి శ్రద్ధ అద్దానికే దక్కాలన్న వరుస మాత్రం వర్తిస్తుంది.

రెండో మూలం దీనికి పూర్తిగా తలకిందులు. నిర్మలమైన రాత్రి ఆకాశం వైపు తిరిగి ఉన్న గొట్టం పైభాగం తన వేడిని ఆకాశంలోకి వికిరణం చేసి, చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడిపోతుంది. తెల్లవారుజామున బైక్ సీటు మీద మంచు పట్టడానికి కారణం అదే. చల్లబడిన రేకుకు లోపలివైపు తగిలిన గాలి బరువెక్కి, కాంతి పథానికి అడ్డంగా కిందికి జారుతుంది. దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. చిలీలోని పారనల్ మీద ఉన్న 8.2 మీటర్ల వెరీ లార్జ్ టెలిస్కోపులో స్ఫియర్ అనే పరికరం దాదాపు గాలి వీచని రాత్రుల్లోనే బింబాలను చీల్చినట్టు చూపించేది. ద్వితీయ దర్పణాన్ని పట్టుకున్న లోహపు పట్టీలు ఆకాశంలోకి వేడిని పోగొట్టుకుని, తమను ఆనుకున్న గాలిని చల్లబరచడమే కారణమని తేలింది. 2017లో ఆ పట్టీలకు వికిరణం తక్కువగా చేసే పూత వేశాక పరిస్థితి చాలావరకు మెరుగుపడింది. ప్రపంచంలోని అత్యుత్తమ పర్వతాల్లో ఒకదాని మీద, అతి ప్రశాంతమైన రాత్రి, పట్టీల చుట్టూ ఉన్న కొద్దిపాటి గాలి అంత పని చేసింది.

మూడో మూలం చుట్టుపక్కలది. పగలంతా ఎండకు కాగిన డాబా కాంక్రీటు, గోడలు, కెమెరా శరీరం, ల్యాప్‌టాప్, గొట్టం నోటి దగ్గర నిలబడిన పరిశీలకుడు కూడా ఇందులోకే వస్తారు. కూర్చున్న మనిషి శరీరం సుమారు వంద వాట్ల వేడిని వదులుతుంది.

గాజే ఆకారం మారడం వీటికి భిన్నమైన సంగతి. మౌంట్ విల్సన్ మీద 100 అంగుళాల హుకర్ టెలిస్కోపును 1917 నవంబరులో మొదటిసారి ఆకాశానికి గురిపెట్టినప్పుడు గురుగ్రహం ఒకదాని మీద ఒకటి పడిన అనేక బింబాలుగా కనిపించింది. పగలు డోమ్ తెరిచి ఉండటంతో ఎండ తగిలి, సీసా గాజుతో చేసిన ఆ భారీ అద్దం వంకర తిరిగింది. కొన్ని గంటలు ఆగి, అద్దం చల్లబడ్డాక చూస్తే నక్షత్రం చక్కటి చుక్కగా నిలిచింది. మన 25 మిల్లీమీటర్ల పైరెక్స్ అద్దంలో ఈ దోషం కొద్దిసేపట్లో తగ్గిపోతుంది, గాలి దోషమే ఎక్కువసేపు నిలుస్తుంది. మామూలు సోడా గాజు అద్దమైతే దాని వ్యాకోచం పైరెక్స్ కంటే దాదాపు మూడు రెట్లు కాబట్టి, ఆకారం కుదుటపడేదాకా కూడా ఆగాలి.

మొదటి మెట్టు: థర్మామీటర్లను ఒకదానితో ఒకటి సరిచూడడం

మనకు కావలసింది అసలు ఉష్ణోగ్రత కాదు, తేడా. బజారులో సులభంగా దొరికే డీఎస్18బి20 డిజిటల్ సెన్సర్ 0.0625 డిగ్రీల మెట్లలో చదువుతుంది, కానీ దాని కచ్చితత్వానికి హామీ అర డిగ్రీ అటూ ఇటూ మాత్రమే. మనం పట్టుకోవాలనుకునే తేడాయే అర డిగ్రీ లోపు కనుక, సరిచూడకుండా రెండు సెన్సర్లను పోల్చడం వల్ల ప్రయోజనం లేదు. అయిదు సెన్సర్లు తీసుకోండి. అద్దం వెనక అతికించడానికి స్టీలు తొడుగు ఉన్న రకం ఒకటి, గాలిని కొలవడానికి తొడుగు లేని రకం నాలుగు. తొడుగున్నది గాలి మార్పుకు చాలా నెమ్మదిగా స్పందిస్తుంది కాబట్టి దాన్ని గాలిలో వాడవద్దు.

అయిదింటినీ కట్టగా కట్టి, తొడుగు లేనివాటికి నీళ్లు తగలకుండా పలుచని పాలిథిన్ సంచిలో పెట్టి, రాత్రి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉన్న నీళ్లు నింపిన ఫ్లాస్కులో అరగంట ఉంచండి. నీళ్లను అప్పుడప్పుడు కలపండి. తర్వాత పది నిమిషాలపాటు వచ్చిన రీడింగుల సగటును ఒక్కో సెన్సర్‌కు లెక్కకట్టి, ఒకదాన్ని ప్రమాణంగా తీసుకుని మిగతావాటి తేడాను నోట్‌బుక్కులో రాసుకోండి. ఇక ముందు ప్రతి రీడింగు నుంచి ఆ తేడాను తీసివేయాలి. ఆర్డుయినో లేదా ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు అయిదు సెన్సర్లనూ ఒకే తీగ మీద కలపవచ్చు. డేటా తీగకూ సరఫరా తీగకూ మధ్య 4.7 కిలోఓమ్‌ల నిరోధకం ఒకటి సరిపోతుంది.

తుపాకీలా గురిపెట్టే పరారుణ థర్మామీటరును అద్దం ముందువైపు వాడవద్దు. అల్యూమినియం పూత పరారుణ కిరణాలను దాదాపు పూర్తిగా పరావర్తనం చేస్తుంది, కాబట్టి ఆ పరికరం అద్దం ఉష్ణోగ్రతను కాకుండా అద్దంలో ప్రతిబింబించే మీ ముఖం, గొట్టం గోడ లేదా ఆకాశం ఉష్ణోగ్రతను చూపిస్తుంది. పూతలేని గాజు వెనకవైపు చదివితే సమంజసమైన విలువే వస్తుంది, అయితే ఇలాంటి పరికరాల్లో ఒకటి రెండు డిగ్రీల దోషం మామూలే.

రెండో మెట్టు: సెన్సర్లను అమర్చడం

మొదటిది అద్దం వెనక, అంచుకూ మధ్యకూ నడుమ. సెన్సర్‌కూ గాజుకూ మధ్య కొద్దిగా థర్మల్ పేస్టు పూసి, టేపుతో అంటించి, పైన చిన్న స్పాంజి ముక్క కప్పండి. స్పాంజి లేకపోతే సెన్సర్ గాజునూ వెనక గాలినీ సగం సగం చదువుతుంది. రెండోది అద్దం ముఖానికి రెండు మూడు సెంటీమీటర్ల పైన, అంచుకు బయట, కాంతి పథంలోకి రాకుండా. మూడోది గొట్టం మధ్యలో పైగోడకు సెంటీమీటరు దూరంలో, నాలుగోది దానికి సరిగ్గా ఎదురుగా కిందిగోడ దగ్గర. అయిదోది బయటి గాలికి, గొట్టం నోటి ఎత్తులో, టెలిస్కోపుకు కనీసం మీటరు దూరంలో. ఈ అయిదోదానికి పైన ఒక చిన్న తెల్ల అట్టముక్కను గొడుగులా కట్టడం తప్పనిసరి. లేకపోతే అది కూడా ఆకాశంలోకి వేడిని పోగొట్టుకుని గాలికంటే తక్కువ చూపిస్తుంది, అప్పుడు అద్దం నిజంకంటే వెచ్చగా ఉన్నట్టు కనిపిస్తుంది.

తీగలను గోడ వెంట టేపుతో అతికించండి. కాంతి పథానికి అడ్డంగా వేలాడే తీగ ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ గీతలు పుట్టిస్తుంది.

మూడో మెట్టు: కంటితో నిర్ధారణ

సెన్సర్లు చెప్పేదాన్ని కన్ను కూడా చెప్పగలదు. ఆకాశంలో బాగా ఎత్తున ఉన్న ప్రకాశవంతమైన నక్షత్రాన్ని 200 రెట్ల పెద్దింపులో పెట్టి, ఫోకస్‌ను కొద్దిగా తప్పించండి. వలయాలతో ఒక గుండ్రని బింబం వస్తుంది. ఇప్పుడు ఒకరిని గొట్టం నోటి ముందు, కింది అంచు దగ్గర, అరచేయి చాపి పట్టమనండి. చేతి నీడ అంచు నుంచి పొగలాంటి పాయలు లేచి బింబం మీదుగా ఒక దిక్కుకు సాగుతాయి. ఆ దిక్కే మీ ఐపీస్‌లో "పైకి". దాన్ని గుర్తుపెట్టుకుని చేయి తీసేయమనండి.

చేయి లేకుండా కూడా అలాంటి పాయలే నెమ్మదిగా, అదే దిక్కుకు, బింబం ఒక అంచు వెంట పాకుతుంటే అవి గొట్టంలోవి. వలయాల అంచు ఒకవైపు నొక్కినట్టు చదునుగా లేదా బయటికి పొడుచుకు వచ్చినట్టు ఉండి, నిమిషాల తరబడి అలాగే ఉంటే అది పైగోడ వెంట నిలిచిన గాలి పొర. బింబం మీదుగా నది ప్రవాహంలా వేగంగా ఒకే వైపుకు సాగే సన్నని గీతలు మాత్రం ఎత్తైన వాతావరణానివి. వాటికి ఈ మార్గదర్శిలో మందు లేదు. ఇంకా అనుమానం ఉంటే, గొట్టాన్ని, దాన్ని పట్టి ఉంచే బిగింపు వలయాల్లోనే పావు వంతు తిప్పి మళ్లీ చూడండి. దోషం గొట్టంతో పాటు తిరిగితే అది అద్దం ఆకారానిది లేదా అమరికది, తిరగకుండా నేలకు నిలువుగానే ఉంటే అది వేడిది.

నాలుగో మెట్టు: అద్దాన్ని గాలికి దగ్గరగా తీసుకురావడం

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాను, ఎందుకంటే "టెలిస్కోపును గంట ముందు బయట పెట్టండి" అనే మాట అందరికీ తెలిసిందే అయినా అది సగం నిజమే.

25 మిల్లీమీటర్ల పైరెక్స్ అద్దం నిశ్చలమైన గాలిలో తన మిగులు వేడిలో మూడింట రెండొంతులకు కొంచెం తక్కువ వదిలించుకోవడానికి సుమారు 75 నిమిషాలు పడుతుంది. వెనకాల ఫ్యాన్ తిరుగుతుంటే అది దాదాపు 25 నిమిషాలకు దిగుతుంది. ఇవి గాజు సాంద్రత, ఉష్ణధారణ, ఉపరితలం నుంచి గాలికి వేడి చేరే వేగాలతో వేసిన లెక్కలు. మీ టెలిస్కోపు విలువను సెన్సర్ల రికార్డు నుంచే తీయవచ్చు. మొదట్లో అద్దం గాలికంటే 8 డిగ్రీలు వెచ్చగా ఉంటే, తేడా అర డిగ్రీకి దిగడానికి ఫ్యాన్ లేకుండా మూడున్నర గంటలు, ఫ్యాన్‌తో గంటా పది నిమిషాలు కావాలి. అద్దం మందం రెట్టింపైతే సమయం కూడా దాదాపు రెట్టింపవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రాత్రంతా బయటి గాలి చల్లబడుతూనే ఉంటుంది, అద్దం దాన్ని వెంబడిస్తూనే ఉంటుంది కానీ అందుకోలేదు. గాలి గంటకు ఒక డిగ్రీ చొప్పున చల్లబడితే, ఫ్యాన్ లేని అద్దం ఎప్పటికీ సుమారు 1.25 డిగ్రీలు వెచ్చగానే వెనకబడి ఉంటుంది. ఫ్యాన్ ఉంటే ఆ వెనకబాటు 0.4 డిగ్రీలు. పైన చెప్పిన మౌనా కియా సూత్రంలో పెట్టి చూస్తే మొదటిది బింబానికి అర ఆర్క్ సెకండు దాకా చేరుస్తుంది, రెండోది 0.13 మాత్రమే. కాబట్టి సాయంత్రం ఒకసారి చల్లబరిచి ఫ్యాన్ ఆపేయడం సరికాదు. కొలత సాగినంతసేపూ అది తిరుగుతూనే ఉండాలి, అడగవలసిన ప్రశ్న కూడా "ఎంతసేపైంది" అని కాదు, "ఇప్పుడు తేడా ఎంత" అని.

12 వోల్టుల, 80 లేదా 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్ చాలు. దాన్ని స్క్రూలతో బిగించకుండా నాలుగు మూలలా రబ్బరు బ్యాండ్లతో వేలాడదీయండి, లేకపోతే అదురు బింబంలో కనిపిస్తుంది. అద్దం వెనక చుట్టూ ఉన్న ఖాళీని అట్టతో మూసి, ఫ్యాన్ గాలిని బయటికి లాగేలా పెడితే, గొట్టం నోటి నుంచి వచ్చే గాలి అద్దం అంచుల మీదుగా జారి, ముఖం మీది వెచ్చని పొరను కూడా వెంట తీసుకుపోతుంది. గాలిని అద్దం వెనక్కి ఊదే అమరికతో గాజు చల్లబడుతుంది కానీ, ఆ గాలి అంచుల గుండా పైకి వచ్చి కాంతి పథంలో కలిసే అవకాశం ఉంది. లాగే అమరికనే నేను సిఫారసు చేస్తాను. సాయంత్రం పూర్తి 12 వోల్టుల మీద నడిపి, కొలతలు మొదలయ్యాక 5 నుంచి 7 వోల్టులకు తగ్గించండి.

పెద్ద వేధశాలల్లో పగటిపూట డోమును ఆ రాత్రి ఉండబోయే ఉష్ణోగ్రతకు చల్లబరుస్తారు, పారనల్‌లో ఇది రోజువారీ పని. ఇంట్లో దానికి దగ్గరగా చేయగలిగింది టెలిస్కోపును ఎండ తగలని, గాలి ఆడే గదిలో ఉంచడం. ఏసీ గదిలో పెట్టడం గురించి మాత్రం ప్రాంతాన్ని బట్టి ఆలోచించాలి. మే నెలలో హైదరాబాదులాంటి పొడి గాలిలో 24 డిగ్రీల అద్దాన్ని బయటికి తెస్తే పెద్ద నష్టం ఉండదు, ఎందుకంటే గాలికంటే చల్లగా ఉన్న అద్దం మీద గాలి అంతగా కలతపడదు. అదే అద్దాన్ని విశాఖపట్నంలోనో కాకినాడలోనో బయటికి తెస్తే, అక్కడి తేమకు ముఖం వెంటనే ఆవిరి పట్టిపోతుంది.

అయిదో మెట్టు: గొట్టం గోడలను, పరిసరాలను అదుపు చేయడం

గొట్టం పైభాగం అతిగా చల్లబడకుండా ఉండాలంటే దాని వికిరణాన్ని తగ్గించాలి. ఇందుకు గొట్టం బయట మెరిసే అల్యూమినియం రేకు టేపునో, రేకు అంటించిన పలుచని ఫోమ్ పట్టానో చుట్టాలి. తెల్ల పెయింటు ఇక్కడ పనికిరాదు. అది ఎండను తిప్పికొడుతుంది కానీ, రాత్రి పరారుణంలో నల్ల పెయింటుతో సమానంగానే వేడిని వదులుతుంది. చుట్టిన తర్వాత మూడు, నాలుగు సెన్సర్ల మధ్య తేడా తగ్గిందో లేదో ఒక నిర్మలమైన రాత్రి చూసుకోండి. కొత్తగా గొట్టం కట్టేవారు అద్దం వ్యాసం కంటే ఒక్కో వైపు 25 నుంచి 40 మిల్లీమీటర్ల ఖాళీ వదిలితే, గోడను ఆనుకుని పాకే గాలి చాలావరకు కాంతి పథానికి బయటే ఉండిపోతుంది.

ముందు గాజు ఉన్న మూసిన గొట్టాల సంగతి వేరు. ష్మిట్-కాసెగ్రెయిన్ లాంటివాటిలో లోపలి గాలి బయటికి పోదు కనుక వాటిని చల్లబరచడం కష్టం. వాటికి రేకు-ఫోమ్ చుట్టు మందంగా వేస్తే ఉష్ణోగ్రత నెమ్మదిగా, గొట్టమంతటా దాదాపు సమానంగా మారుతుంది, పాయలు లేవడానికి కావలసిన తేడా తగ్గుతుంది. ముందు గాజుకు మంచు పట్టకుండా చుట్టే హీటరును మంచు ఆగేంత కనిష్ఠ స్థాయిలోనే ఉంచాలి. పూర్తి శక్తితో నడిపితే మంచు సమస్య పోయి పాయల సమస్య వస్తుంది.

డాబా మీద పరిశీలించేవారు వేసవి సాయంత్రం నీళ్లు చల్లుకునే అలవాటును ఇక్కడ వాడుకోవచ్చు. సూర్యుడు దిగగానే చల్లి, పరిశీలన మొదలయ్యేలోగా నేల ఆరిపోయేలా చూడండి. అవకాశం ఉంటే టెలిస్కోపును మట్టి నేల మీదకో గడ్డి మీదకో మార్చడం దీనికంటే మేలు. ల్యాప్‌టాప్‌ను, మిమ్మల్ని గాలి వాలుకు కింది పక్కన ఉంచుకోండి.

ఆరో మెట్టు: ఫోకస్, స్కేలు

గాలి కుదుటపడినా లోహం ముడుచుకుంటూనే ఉంటుంది. 1200 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం ఒక్కో డిగ్రీకి సుమారు 14 మైక్రోమీటర్లు, అల్యూమినియం గొట్టం సుమారు 28 మైక్రోమీటర్లు కుంచించుకుపోతుంది. నాభి నిష్పత్తి 6 ఉన్న టెలిస్కోపులో ఫోకస్ తప్పినా చెల్లిపోయే హద్దు 40 మైక్రోమీటర్లు అటూ ఇటూ. అంటే అల్యూమినియం గొట్టమైతే ప్రతి ఒకటిన్నర డిగ్రీకి, ఉక్కు గొట్టమైతే ప్రతి మూడు డిగ్రీలకు మళ్లీ ఫోకస్ చేయాలి. చరనక్షత్రాల (వెలుగు మారుతూ ఉండే నక్షత్రాల) వెలుగు కొలిచేవారికి ఇది మరీ ముఖ్యం. బింబం రాత్రి పొడవునా ఉబ్బుతూ పోతే, కొలిచే వృత్తం బయటికి జారే కాంతి పెరిగి, లేని మార్పు ఉన్నట్టు కనిపిస్తుంది. పోలిక నక్షత్రం పక్కనే ఉంటే చాలావరకు రద్దవుతుంది, చిత్రం అంచున ఉంటే రద్దు కాదు.

ఫోకస్ మార్చిన ప్రతిసారీ, ముఖ్యంగా బింబాన్ని పెద్దది చేసే బార్లో కటకం వాడేటప్పుడు, స్కేలును (చిత్రంలో ఒక్కో పిక్సెల్ ఎన్ని ఆర్క్ సెకండ్లో) మళ్లీ సరిచూడాలి. టెలిస్కోపు నడకను ఆపి, నక్షత్రాన్ని చిత్రం మీదుగా జారనివ్వండి. అది సెకనుకు 15.04 ఆర్క్ సెకండ్లను దాని క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి కోణీయ దూరం) కొసైన్‌తో గుణించినంత దూరం కదులుతుంది. ఆ జాడ స్కేలునూ పడమర దిక్కునూ రెండింటినీ ఇస్తుంది.

ఏడో మెట్టు: కొలిచే తీరు, వదిలేసే నియమం

గొట్టంలోని పాయలు పదుల సెకన్ల నుంచి నిమిషాల దాకా నిలుస్తాయి. అందుకే ఒక్క నిమిషంలో వెయ్యి ఫ్రేములు తీసి సగటు చేసినా తప్పు వెయ్యి వర్గమూలం మేరకు తగ్గదు, ఎందుకంటే ఆ వెయ్యి ఫ్రేములూ ఒకే పాయ గుండా వచ్చినవి. పదునైన ఫ్రేములను ఏరే పద్ధతి కూడా వేగంగా మారే కల్లోలానికే బాగా పనికొస్తుంది. ఫ్రేములను చిన్న చిన్న గుత్తులుగా, గంట గంటన్నర మేర విడివిడిగా తీయండి. ప్రతి గుత్తికీ విడిగా దూరం, స్థాన కోణం (ఒక నక్షత్రం నుంచి రెండోది ఉన్న దిశ ఉత్తరంతో చేసే కోణం) లెక్కకట్టండి. గుత్తుల మధ్య చెదురుబాటే మీ నిజమైన అనిశ్చితి.

వేడి దోషం నిలువు దిక్కున పనిచేస్తుందని పైన చూశాం. జంట నక్షత్రం మధ్యాహ్నరేఖకు తూర్పున ఉన్నప్పుడూ పడమరన ఉన్నప్పుడూ దాని అక్షం నిలువుతో చేసే కోణం మారుతుంది కాబట్టి, రెండు వైపులా కొలిస్తే ఆ దోషం బయటపడుతుంది. మిథునంలోని కాస్టర్ ఈ అభ్యాసానికి చక్కగా సరిపోతుంది. దాని రెండు ప్రధాన నక్షత్రాల మధ్య దూరం ప్రస్తుతం సుమారు అయిదున్నర ఆర్క్ సెకండ్లు, చలికాలంలో మన ఆకాశంలో బాగా ఎత్తుకు వస్తుంది.

ఏ గుత్తిని ఉంచాలి, దేన్ని వదిలేయాలి అన్న నియమాన్ని కొలత మొదలుపెట్టకముందే రాసుకోవాలి. విలువ చూశాక పెట్టుకున్న నియమం మనకు నచ్చిన విలువలనే మిగులుస్తుంది. 200 మిల్లీమీటర్ల టెలిస్కోపుకు నేను సూచించే హద్దులు ఇవి: అద్దానికీ బయటి గాలికీ తేడా అర డిగ్రీ దాటకూడదు, పైగోడ గాలికీ కిందిగోడ గాలికీ తేడా 0.3 డిగ్రీలు దాటకూడదు, గాలి గంటకు ఒకటిన్నర డిగ్రీ కంటే వేగంగా చల్లబడుతుంటే ఆగాలి. హద్దు దాటిన గుత్తులను చెరిపేయకుండా వేరే వరుసలో ఉంచండి. తర్వాతి పనికి అవి అవసరం.

ఎనిమిదో మెట్టు: నమోదు, పరిశీలన

ప్రతి గుత్తికీ ఒక వరుస రాయండి: సమయం, అయిదు సెన్సర్ల సరిచేసిన విలువలు, గాలి వేగం సుమారుగా, ఫ్యాన్ వోల్టేజి, ఫోకసర్ స్థానం, నక్షత్రం ఎత్తు, బింబం వెడల్పు, దూరం, స్థాన కోణం. కొన్ని రాత్రుల రికార్డు చేరాక, అద్దం-గాలి తేడాను అడ్డంగా, బింబం వెడల్పును నిలువుగా పెట్టి గ్రాఫు గీయండి. చుక్కలు ఎడమ నుంచి కుడికి పైకి ఎగబాకితే మీ హద్దును ఇంకా బిగించాలి. చదునుగా పరుచుకుంటే గొట్టం తన వాటా తగ్గించుకుందని, మిగిలినది పైనున్న వాతావరణానిదని అర్థం. నక్షత్రం ఎత్తు తగ్గేకొద్దీ వెడల్పు ఎలాగూ పెరుగుతుంది కనుక, 50 డిగ్రీల కంటే ఎత్తున తీసిన గుత్తులనే ఈ గ్రాఫులోకి తీసుకోండి.

తర్వాత రెండో గ్రాఫు: దూరం విలువ, పైగోడ-కిందిగోడ తేడాతో. ఇక్కడ వాలు కనిపిస్తే, ఆ వాలును ఉపయోగించి పాత విలువలను సవరించాలనే ఆశ పుడుతుంది. అలా సవరించవద్దు. పాయల ఆకారం ప్రతి రాత్రీ మారుతుంది, మూడు నాలుగు బిందువుల దగ్గర కొలిచిన ఉష్ణోగ్రతలు దాన్ని పూర్తిగా వర్ణించలేవు. హద్దు లోపలి గుత్తుల సగటునే ఫలితంగా ఇవ్వండి. తూర్పు వైపు సగటుకూ పడమర వైపు సగటుకూ మధ్య తేడా గుత్తుల చెదురుబాటు కంటే పెద్దదైతే, అనిశ్చితిగా ఆ పెద్ద అంకెనే రాయండి. ఫలితాన్ని ఎవరికైనా పంపేటప్పుడు ఆ రాత్రి అద్దం-గాలి తేడా ఎంతలో ఉందో కూడా ఒక వరుసలో చేర్చండి.